తలుపు కింది చెక్కముక్క

మేము ఇల్లు చూడటానికి వెళ్లిన రోజు కింది గేటు దాకా క్యూ ఉంది. అందరూ మా ఈడువాళ్లే. ఒక పడకగది, ఒక హాలు, ఇద్దరు నిలబడితే మోచేతులు తగిలే వంటగది. అంతకన్నా పెద్దది మాకు అందదు, అంతకన్నా చిన్నది ఎవరూ కట్టరు. ఇలాంటి ఇల్లు అమ్మకానికొస్తే బెల్లానికి ఈగల్లా మూగుతాం.

మా వంశంలో డిగ్రీ చదివింది నేనే మొదట. సొంత గోడకు మేకు కొట్టుకోబోయేదీ నేనే మొదట. నా భార్య కడుపుతో ఉంది. అద్దె ఇంటి ఓనర్లు ఖాళీ చేయమన్నారు.

బ్రోకరు పడకగది తలుపుకు వీపు ఆనించి, అక్కడి నుంచే అన్నీ చూపించాడు.

"త్వరగా చూడండి సార్, వెనకవాళ్లు నన్ను తినేసేలా ఉన్నారు."

"ఈయనేంటి తలుపుకు బల్లిలా అతుక్కుపోయాడు?" అన్నాను మెల్లగా.

"పొద్దుట్నుంచీ నిలబడి కాళ్లు లాగుతుంటాయి పాపం. నువ్వు కిటికీ చూడు, ఎంత వెలుతురో!" అంది నా భార్య.

కొనేశాం.

సామాను దించిన రోజే పైఇంటి అక్క వచ్చింది. చేతిలో ఏటవాలుగా చెక్కిన చిన్న చెక్కముక్క.

"తలుపు కింద పెట్టుకో తమ్ముడూ. ఇక్కడ అందరి ఇళ్లలోనూ ఉంటుంది."

నాకు అర్థం కాలేదు. ఆమె పడకగది తలుపు పూర్తిగా తెరిచి వదిలేసింది. గాలి లేదు. అయినా అది ఎవరో అవతల నుంచి లాగుతున్నట్టు నెమ్మదిగా వచ్చి మూసుకుంది.

"బిల్డింగు ఒక పక్కకు కుంగుతోంది. ఇది వదులైతే చెప్పు, ఇంకాస్త మందంది ఇస్తా" అంది, పాలలోకి తోడు ఇస్తానన్నంత మామూలుగా.

"ఎవరికైనా చెప్పాలి కదక్కా!"

"చెప్పు. ముందు మనల్నే బయటికి పంపుతారు. కడుపుతో ఉన్నదాన్ని తీసుకుని ఏ చెట్టు కిందికి పోతావ్?"

చెక్కముక్కను తలుపు కిందికి దూర్చాను. వానాకాలం పోయేలోపు చెక్క మార్చాం. మళ్లీ మార్చాం. ఉయ్యాల ఏ గోడ పక్కన వేయాలో తేలక, మంచం చుట్టూ రోజూ తిరిగేవాణ్ని.

ఒకరోజు అక్క కిందికొచ్చింది.

"రేపు నా ఇల్లు చూడ్డానికొస్తున్నారు. నీ తలుపు వేసుకుని ఉండు నాయనా."

"ఎందుకమ్ముతున్నావక్కా?"

"పిల్లలు ఎదిగారు, ఇరుకవుతోంది" అంది. ఆమె చూపు మాత్రం నా మీద లేదు, మా గోడ మూల మీద ఉంది.

మర్నాడు క్యూ మా గుమ్మం దాకా వచ్చింది. తలుపు వేసుకుని ఉండలేకపోయాను. గుమ్మం ముందు ఒక అమ్మాయి నిలబడి ఉంది. ఆమె భర్త నాలుగడుగుల అవతల ఫోన్లో మాట్లాడుతున్నాడు. నా భార్య నా వెనకే వచ్చి నిలబడింది.

"చెల్లీ, ఒక్క మాట" అన్నాను. "పైన బ్రోకరు పడకగది తలుపుకు ఆనుకుని ఉంటాడు. పక్కకు జరగమను. అది దానంతటదే మూసుకుంటుంది. ఈ బిల్డింగు కుంగుతోంది."

ఆమె ఉలిక్కిపడలేదు. ముందు క్యూ వైపు, తర్వాత భర్త వైపు చూసింది.

"తెలుసన్నా. మొన్నొచ్చినప్పుడే చూశాను."

"తెలిసి మళ్లీ వచ్చావా?"

"మెల్లగా అన్నా! మా ఆయన వింటే వద్దంటాడు. ఇది కూడా పోతే మాకింకోటి దొరకదు."

నేను వెనక్కి తిరిగాను. నా భార్య తల దించుకుంది. కిటికీలోంచి వచ్చే వెలుతురు చూడమని ఆ రోజు ఎందుకు తొందరపెట్టిందో అప్పుడు తెలిసింది.

"నువ్వూ వద్దనేవాడివే" అంది.

నెల తిరక్కుండానే ఆ అమ్మాయివాళ్లు పైఇంట్లో దిగారు. బీరువా, మంచం, ఫ్రిజ్ ఒక్కొక్కటే మా గుమ్మం ముందు నుంచి పైకెక్కాయి. నా భార్య ఒక చెక్కముక్క తీసుకుని, మెట్ల పక్క గోడకు చేయి ఆనించుకుంటూ, వాళ్లకివ్వడానికి వెళ్లింది. నేను హాల్లో నిలబడి, మా నెత్తి మీద ఏదో బరువైనదాన్ని ఈ గోడ నుంచి ఆ గోడకు జరుపుతున్న చప్పుడు వింటున్నాను.

మా తలుపు కింద చెక్క కిర్రుమని కొంచెం జరిగింది.