అత్తగారు కాశీలో వదిలిన కూర

గోదావరి మీద రైలు వంతెన కట్టాక మొగల్తూరు చుట్టుపక్కల పల్లెల్లో కాశీకి వెళ్లినవాళ్లలో పాపాయమ్మగారు రెండోవారో మూడోవారో. నిడదవోలులో రైలు దిగి, కాలువ పడవలో ఇల్లు చేరిన నాలుగో రోజున సమారాధన పెట్టారు. కోడలు శ్యామలాంబ తెల్లవారకముందే పొయ్యి రాజేసింది. పప్పు, పులుసు, మూడు కూరలు, బూరెలు. అందులో తను తినగలిగేది తెల్లన్నం ఒక్కటే. అది ఆమెకు అలవాటే.

వడ్డన సాగుతుండగా పక్కింటి సుభద్రాయమ్మ అందరూ అడగదలచిన మాట అడిగింది. "ఇంతకీ కాశీలో ఏం వదిలారు పిన్నిగారూ?"

"పళ్లలో సీతాఫలం. కూరల్లో బీరకాయ."

"అయ్యో! బీరకాయ లేందే మీకు ముద్ద దిగదు కదండీ!"

"ఇష్టం లేనిది వదిలితే పుణ్యమేంటే? పైగా మా శ్యామల పదహారేళ్లుగా నాకోసం రోజూ ఆ కూర చేస్తోంది. ఎన్నాళ్లని చేస్తుంది? దాని చేతులకీ కాస్త తెరిపి."

ఆడవాళ్లంతా మెచ్చుకున్నారు. వంటింటి గుమ్మంలో శ్యామలాంబ నెయ్యి గిన్నె పట్టుకుని నిలబడిపోయింది. తర్వాత ఎవరో కేకేస్తే వెళ్లి వడ్డించింది.

కందిపప్పు తింటే ఆమెకు కడుపు మెలిపెడుతుంది. వంకాయకి పెదవులు వాస్తాయి. నువ్వులు, చింతపండు, చేపలు, గోంగూర, అన్నిటికీ ఒళ్లంతా దద్దుర్లు. పాలు తాగితే రెండు రోజులు మంచం. కాపురానికి వచ్చిన కొత్తలో ఈ సంగతి చెప్పింది. పుట్టింటి గారాబం అన్నారు. గాలి సోకిందని విభూతి పెట్టించారు, తాయెత్తు కట్టించారు, వైద్యుడు కషాయం ఇస్తే దానికీ దద్దుర్లే. రెండేళ్లు చెప్పి చెప్పి మానేసింది. అందరి భోజనాలూ అయ్యాక వంటింట్లో ఒక్కతే కూర్చుని తినే మనిషి ఏం తింటుందో ఎవరు చూడొచ్చారు? అదృష్టం కొద్దీ అత్తగారికి బీరకాయంటే ప్రాణం. శ్యామలాంబకి పడే కూరా అదొక్కటే. రోజూ అత్తగారికి వడ్డించి, గిన్నె అడుగున మిగిలింది తను కలుపుకునేది.

మర్నాడు పొద్దున్నే పాపాయమ్మగారు కొడుకుని పిలిచారు. "భీమరాజూ, ఆ బీరపాదు పీకెయ్ నాయనా. కంటికెదురుగా ఉంటే నోరూరుతుంది. ఇంట్లో ఇంకెవరూ పట్టుబట్టి తినేవాళ్లు లేరుగా."

భీమరాజు పందిరి మీంచి తీగంతా లాగేశాడు. వేలెడేసి పిందెలు తీగతోపాటే పశువుల ముందు పడ్డాయి. శ్యామలాంబ చీపురు పుచ్చుకుని రాలిన ఆకులు ఊడ్చింది. ఒక్క మాట అంటే పాదు ఆగేదేమో. కానీ ఆ ఒక్క మాటతో పోదు. చెబితే మళ్లీ మొదటినుంచీ చెప్పుకురావాలి. నమ్మేదాకా చెప్పాలి. అంత ఓపిక ఆమె దగ్గర లేదు.

ఆ రోజు ఒట్టి ఉప్పు వేసుకుని అన్నం తింది. మర్నాడూ అంతే. మూడో రోజు పొట్లకాయ ముక్క పెదవి లోపల ఆనించుకుని, దంపుడు పూర్తయ్యేదాకా ఆగి, ఏమీ కాలేదని ఒక ముద్ద తింది. సాయంత్రానికి గొంతు దురద. ఆనపకాయతో రెండు రోజులు విరేచనాలు పట్టుకున్నాయి. మునక్కాయ సంగతి సరేసరి. పదో రోజుకి రోకలి ఎత్తితే కళ్లు తిరిగాయి. గోడ పట్టుకుని నిలబడి, కాసేపటికి మళ్లీ ఎత్తింది.

పన్నెండో రోజు మధ్యాహ్నం పాపాయమ్మగారు సొంఠి కోసమని వంటింట్లోకి వచ్చేసరికి, కోడలు పీట మీద కూర్చుని తడిగుడ్డ మూతికి అద్దుకుంటోంది.

"ఏంటే ఆ మూతి? తేనెటీగ కుట్టిందా?"

"లేదండీ. దోసకాయ."

"దోసకాయ కుట్టిందా!" అని నవ్వబోయి, ఆవిడ ఆగిపోయారు. కోడలి మెడ మీదా చేతుల మీదా రూపాయి బిళ్లలంత దద్దుర్లు లేస్తున్నాయి, చూస్తుండగానే. కంచంలో తెల్లన్నం తప్ప ఏమీ లేదు. కొత్తలో ఈ పిల్ల ఏదో చెబుతుండేదని ఆవిడకి ఇప్పుడు లీలగా గుర్తొచ్చింది.

"మరి ఇన్నేళ్లూ ఏం తిన్నావే?"

"బీరకాయండీ."

"అది నాకోసం కదే వండేదానివి?"

శ్యామలాంబ తడిగుడ్డ మడత మార్చింది. "మీకోసమూనండీ."

పాపాయమ్మగారు గుమ్మం మీదే కూలబడ్డారు. "నోరు విప్పి ఒక్కమాట అనకపోయావా? పాదు పీకిస్తుంటే చూస్తూ ఊరుకున్నావా? గంగలో వదిలింది ఇప్పుడు వెనక్కి తీసుకోలేనే!"

"మీరు తీసుకోనక్కర్లేదండీ. ఇంకేదో ఒకటి దొరక్కపోదు."

"ఎప్పుడు దొరుకుతుంది? నువ్వు మంచం పట్టాకా?"

ఆవిడ లేచి పెరట్లోకి నడిచారు. గోడ దగ్గర నిలబడి సుభద్రాయమ్మని పిలిచారు. "అమ్మాయ్, మీ పాదున బీరకాయలుంటే నాలుగు ఇలా అందించు."

గోడ అవతల నుంచి నవ్వు. "అయ్యో పిన్నిగారూ! నెల తిరక్కుండానే నోరూరిందా? అంత దూరం వెళ్లి వదిలింది ఇందుకేనా?"

వంటింట్లోంచి శ్యామలాంబకి ఆ మాట వినబడింది. లేచి వెళ్లి, నాకోసమండీ అని చెప్పబోయింది. ఆవిడ వెనక్కి తిరగకుండానే చేత్తో ఆగమన్నారు. కోడలి పేరు గోడ దాటితే ఊళ్లో మళ్లీ గాలీ విభూతీ మొదలవుతాయని ఆవిడకి తెలుసు.

"ఊరిందనుకోవే. ఇస్తావా, లేదా?"

సాయంత్రానికి ఆ కబురు చెరువు వీధి దాకా పాకింది. పాపాయమ్మగారు విననట్టే, తన వంటలో ఆ కూర కలవకుండా కొడుకు చేత పశువుల సావిట్లో మూడు రాళ్లతో వేరే పొయ్యి పెట్టించారు. శ్యామలాంబ అక్కడే వండుకుని, అక్కడే పీట వేసుకుని తింది. అత్తగారు కూర వైపు చూడకుండా గేదె వైపు తిరిగి కూర్చున్నారు. కానీ లేచి వెళ్లలేదు.

"ఈ ఒక్క కాయా ఎంతకాలం దొరుకుతుంది? ఇంకా ఏవి పడతాయో చూడాలి. పొట్లకాయో?"

"చూశానండీ."

"ఆనపకాయ?"

"అదీనండీ."

"పోనీ రేపు అరటిపువ్వు తెప్పిస్తాను. నేను పక్కనే కూర్చుంటాను, ఏమైనా అయితే చూడ్డానికి."

శ్యామలాంబ చివరి ముద్ద నెమ్మదిగా నమిలి మింగింది. రేపు మళ్లీ పెదవికి ఆనించి కూర్చోవడం తలుచుకుంటేనే ఒళ్లు బరువెక్కింది.

"రేపు వద్దండీ, అత్తయ్యగారూ. ఒక నాలుగు రోజులు ఊరికే తిననివ్వండి."

"సరే," అన్నారు పాపాయమ్మగారు, గేదె వైపే చూస్తూ. "నాలుగు రోజులు తిను."