పట్టుబట్టలకి సరిపడా కోపం

ఆ వీధి చివరి కొట్టు సగం తాళాలది, సగం ఇస్త్రీది. తాళాల సగంలో మొగుడు, ఇస్త్రీ సగంలో పెళ్ళాం. మధ్యలో గోడ లేదు కాబట్టి గొడవకీ అడ్డు లేదు. పొద్దున్నే కొట్టు తెరవగానే ఆయన తాళాల గుత్తి మేకుకి తగిలించి, ఆవిడకి కోపం తెప్పించే పనిలో పడేవాడు. ఎందుకంటే ఆవిడ ఇస్త్రీ పెట్టెకి వైరూ లేదు, బొగ్గులూ లేవు. ఆవిడకి ఒళ్ళు మండితే పెట్టె కాలేది, అంతే.

అదేమీ ఆషామాషీ పని కాదు. పట్టుబట్టలకి చిరుకోపం చాలు. తడి తువ్వాలు మంచం మీద పడేసి వస్తే సరిపోయేది. నూలు చొక్కాలైతే కూరలో ఉప్పు సంగతి ఎత్తాలి. జీన్సు ప్యాంట్లు ఎక్కువుంటే మాత్రం ఆయన గొంతు సవరించుకుని, "మీ అన్నయ్య ఎంత తెలివైనవాడంటే..." అని మొదలుపెట్టేవాడు. ఆ మాట పూర్తయ్యేలోపే పెట్టె కింద తడిబట్ట చుయ్యిమనేది. బట్టలు తెచ్చినవాళ్ళు కూడా "ఇవాళ జీన్సులున్నాయండీ, కాస్త గట్టిగా అనండి" అని ఆయనకే చెప్పి పోయేవారు.

అలాంటి మనిషి ఉన్నట్టుండి చిక్కిపోవడం మొదలుపెట్టాడు. పరీక్షలు చేస్తే కాలేయంలో గడ్డ బయటపడింది. క్యాన్సరు. అప్పటికే పక్కలకి కూడా పాకింది. మందులు వాడారు, పట్టలేదు.

ఆ కబురు విన్నప్పటి నుంచీ ఆవిడకి ఆయన మీద కోపం రావడం మానేసింది. తడి తువ్వాలు కనబడితే చప్పుడు చేయకుండా తీసి ఆరేసేది. ఆయన పాపం అలవాటు కొద్దీ అన్నయ్య ఊసెత్తితే, "మీరన్నదే నిజంలెండి, వాడు తిక్కవాడే" అనేసేది. పెట్టె చల్లగా రాయిలా పడుండేది. బట్టలు పేరుకుపోతుంటే వేరే దారిలేక వైరున్న ఇస్త్రీ పెట్టె ఒకటి కొంది. గోడకి వేలాడుతున్న ఆ వైరు చూసి ఆయన గుండె జారిపోయింది. నేను లేకుండా బతకడం ఇప్పుడే అలవాటు చేసుకుంటోందన్నమాట అనుకున్నాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ వాళ్ళకి కొత్త మనిషేమీ కాదు. ఆమె తెల్లకోటు ఇస్త్రీ అయ్యేది ఈ కొట్టులోనే.

"కంటికి కనపడనంత సన్నటి ఇనుప రేణువుల్ని గడ్డలోకి పంపిస్తాం," అని చెప్పింది. "బయట అయస్కాంతం పెట్టి వాటిని వేడెక్కిస్తాం. ఆ వేడికి గడ్డ మాడుతుంది, చుట్టూ ఉన్న మంచి భాగానికి ఏమీ కాదు. కానీ ఇదింకా ప్రయోగమే. తగ్గుతుందని మాటివ్వలేను."

"ఇనుప రజనేగా డాక్టరుగారూ," అన్నాడాయన. "తాళంచెవులు అరగదీస్తూ పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ పీలుస్తున్నా. లోపలికి దారి దానికి తెలిసే ఉంటుంది."

మొదటిసారి రేణువులు సరిగ్గా వేడెక్కలేదు. రెండోసారి కూడా ఎక్కకపోతే ఈ వైద్యం ఆపేయాల్సిందేనని ముందే చెప్పారు. అయస్కాంతం గదిలోకి లోహమేదీ తీసుకెళ్ళకూడదు కనక ఆయన తన తాళాల గుత్తి పెళ్ళాం చేతిలో పెట్టి లోపలికెళ్ళి పడుకున్నాడు. ఆవిడ అద్దానికి ఇవతల డాక్టరమ్మ పక్కన కూర్చుంది. ఎదురుగా తెర మీద గడ్డలోని వేడిని చూపించే గీత. అది పైనున్న ఎర్రగుర్తు దాకా ఎక్కాలి, దాటకూడదు.

గీత కొంతదూరం ఎక్కి ఆగిపోయింది.

"అయస్కాంతం ఇంతకు మించి పెంచితే ఒళ్ళంతా కాలుతుంది," అంది డాక్టరమ్మ దిగులుగా.

లోపలున్న ఆయనకి మైకులో ఆ మాట వినబడింది. ఆవిడ ఇస్త్రీ పెట్టె గుర్తొచ్చి, "ఏమోయ్, తడి తువ్వాలు మంచం మీదే వదిలేసి వచ్చా," అన్నాడు.

"ఫర్వాలేదులెండి, వెళ్ళాక ఆరేస్తా." ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

"మీ అన్నయ్య ఉన్నాడు చూడూ..."

"తిక్కవాడేనండీ."

గీత కదల్లేదు. ఆయన గట్టిగా ఊపిరి వదిలాడు. "డాక్టరుగారూ, ఇక ఆపేయండి. ఎందుకొచ్చిన అవస్థ. ఏమోయ్, నేను లేకపోయినా నీకేం ఇబ్బంది లేదులే. వైరున్న పెట్టె ఉందిగా."

ఇది ఆయన కోపం తెప్పించడానికి అన్న మాట కాదు. నిజంగానే అన్నాడు. ఆవిడకి ఆ మాట అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. తరవాత చెవులు ఎర్రబడ్డాయి. గుప్పిట్లో తాళాల గుత్తి వెచ్చబడింది.

"ఏమన్నారూ? ఆ పెట్టె ఎందుకు కొన్నానో తెలుసా మీకు? మీ మీద కోపం రాక ఏడ్చి ఏడ్చి కొన్నా! ఇన్నేళ్ళూ పొద్దున్నే లేచి నా ప్రాణం తీసి, ఇప్పుడు తాపీగా పడుకుని ఆపేయండంటారా? ఎవర్నడిగి? నన్నడిగారా?"

"ఎక్కుతోంది," అంది డాక్టరమ్మ తెర మీదికి వంగి. "ఎక్కుతోందమ్మా... ఇదిగో, గుర్తు దగ్గరికొచ్చింది. ఇక్కడే ఆగాలి, దాటకూడదు."

"దాటదు. పట్టుబట్టలనుకుంటా."

అని గొంతు తగ్గించి, అదే వేడి మీద తిట్టుకుంటూ పోయింది. తువ్వాలుని తిట్టింది, ఉప్పుని తిట్టింది, తెల్లచొక్కాల మీద ఆయన చల్లిన ఇనుప రజనుని తిట్టింది. ఎవరికీ చెప్పకుండా నొప్పి దాచుకున్న రోజుల్ని తిట్టింది. గీత ఎర్రగుర్తుని పట్టుకుని అలాగే నిలబడింది. లోపల ఆయన కళ్ళు మూసుకుని వింటున్నాడు. ఎన్నాళ్ళకి విన్నాడో ఈ గొంతు! ప్రాణం లేచొచ్చింది.

"లోపల వెచ్చగా ఉందోయ్," అన్నాడు.

"నోరు మూసుకుని పడుకోండి!"

కొన్ని వారాల తరవాత స్కాను చూసి డాక్టరమ్మ నవ్వింది. "పూర్తిగా పోయిందనడం లేదు. కానీ గడ్డ సగానికి సగం తగ్గింది. పక్కకి పాకినవాటినీ ఇలాగే ఒక్కొక్కటీ చూద్దాం." ఆ తరవాత ఆయన వైపు తిరిగి, "ప్రతిసారీ ఏమనాలో ముందే ఆలోచించుకుని రండి," అంది. ఆవిడ అక్కడే కూలబడి, ఎవరున్నారో చూసుకోకుండా భోరుమంది. ఇంత సంతోషంగా ఉన్న మనిషికి కోపమెలా తెప్పించాలా అని దారి పొడుగునా ఆయనకి ఒకటే బెంగ.

మర్నాడు పొద్దున్నే కొట్టు వెనకగదిలోంచి కేక వినబడింది. "ఈ తడి తువ్వాలు మంచం మీద పడేసిందెవరూ?"

ఆయన అప్పుడే పనిలో మునిగినట్టు ఆకురాయి తీసి ఏదో తాళంచెవి అరగదీయడం మొదలుపెట్టాడు. ఆవిడ విసురుగా వచ్చి, వైరు పెట్టెని బల్ల కిందికి తోసేసి, పాతపెట్టె అందుకుంది. నీళ్ళు చిలకరిస్తే చుయ్యిమని కొట్టంతా ఆవిరి లేచింది.

గుమ్మంలో నిలబడ్డ డాక్టరమ్మ మూట ముందుకు జరిపింది. "ఇవాళ పట్టుబట్టలు తెచ్చానండీ."

"పట్టుబట్టలు రేపు తీసుకురండి," అంది ఆవిడ, మొగుడి వైపు కొరకొరా చూస్తూ, నవ్వు ఆపుకోలేక. "ఇవాళ జీన్సులుంటే ఇవ్వండి."