వెబ్‌హోటెల్ గదికి రెండో తాళం

ముందుగా ఒక మాట. నేను అరవై ఆరో ఏట అక్షరాలు నేర్చుకున్నదాన్ని. తప్పులుంటే మన్నించండి. ఈ కాస్త రాయడానికి నాకు మూడు వారాలు పట్టింది. ఇది నా సంగతే అయినా "ఆమె" అని రాస్తున్నాను. దేన్నయినా కొంచెం దూరం నుంచి చూస్తేనే అది ఎక్కడుందో తెలుస్తుందని మా ఆయన అనేవారు.

ఆమె పేరు ఓడ్ని. భర్త టోర్లైఫ్ నలభై ఏళ్ళు కాడ్ చేపలు పట్టాడు. గాలం ఎక్కడ వేయాలో తెలియడానికి అతనికి పటం అక్కర్లేదు. చర్చి శిఖరం రెండు కొండల సందులో కూర్చోవాలి, తెల్లబండ పడవల పాక చూరు వెనక దాక్కోవాలి. ఆ రెండు చూపులూ కలిసిన చోట నీటి అడుగున చేపలు చేరే గుంట ఒకటి ఉంటుంది, దానికో పేరు ఉంటుంది. వాటినే గురుతులనేవాళ్ళు. ఎవరి గురుతులు వాళ్ళ గుండెల్లోనే. వేరే పడవ దగ్గరికొస్తే టోర్లైఫ్ గాలం పైకి లాగేసి, అక్కడ ఏమీ లేనట్టు కాఫీ తాగుతూ కూర్చునేవాడు.

భార్యకు మాత్రం అన్నీ చెప్పాడు. చిన్నప్పుడు బడిలో అక్షరాలు ఆమె కళ్ళముందు ఈదుతూ పోయేవి, ఒక్కటీ పట్టుబడలేదు. రాయడం రాని మనిషి దగ్గర రహస్యం భద్రమని అతని ధీమా. సొంత చెల్లెలు బోర్‌హిల్డ్‌కి చెప్పలేదు. ఆమె ఇంకో పడవవాళ్ళ ఇంటికి కోడలైంది మరి.

అతను పోయాక ఓడ్ని గ్రంథాలయంలో చదువు నేర్చుకుని, యాభై మూడు గురుతులూ నోటుపుస్తకంలో రాసుకుంది. ఇప్పుడు ప్రతి పడవలోనూ కంప్యూటర్ తెర ఉంది, చేపలెక్కడున్నాయో అదే చూపిస్తుంది. దాచవలసిన అవసరం తీరిపోయింది. కానీ తను పోతే ఆ పేర్లు కూడా పోతాయి. ఆమె బెంగ అదొక్కటే. అందుకే వాటితో ఒక వెబ్‌సైటు పెట్టాలనుకుంది.

గ్రంథాలయంలో పనిచేసే సోల్‌ఫ్రిడ్ ముందు ఒక వెబ్‌హోటెల్ చూసుకోమంది. సైటు ఉంచుకోవడానికి అద్దెకిచ్చే చోటుని ఇక్కడ నార్వేలో అలాగే అంటారు. ఓడ్ని చెవికి మాత్రం అందులో హోటల్ ఒక్కటే వినబడింది. పెళ్ళికి ముందు ఆమె రేవు పక్క హోటల్లో మూడేళ్ళు గదులు శుభ్రం చేసింది. ఒకసారి తొమ్మిదో గదిలో దిగిన పెద్దమనిషి నిద్రలోనే పోయాడు. అతని పెట్టె రెండేళ్ళు నేలమాళిగలో పడి ఉంది. ఎవరూ రాకపోతే తీసి పారేశారు. ఆ పెట్టె ఆమెకింకా గుర్తే.

సోల్‌ఫ్రిడ్ రాసిచ్చిన మూడు కంపెనీల నంబర్లు, అడగవలసినవి రాసుకున్న కార్డు పట్టుకుని ఓడ్ని వంటింట్లో ఫోను ముందు కూర్చుంది. బోర్‌హిల్డ్ వాఫుల్స్ తింటూ ఎదురుగా ఉంది. ఆడపడుచు నోరు ఊరికే ఉండేది కాదు. వాళ్ళ పాటల బృందం పేజీ ఉచితంగా చోటిచ్చేవాళ్ళ దగ్గరే ఉందట, ఇంత హంగామా దేనికట.

"అది పక్కలేసే హోటల్ కాదు వదినా," అంది. "పొద్దున ఉడకేసిన గుడ్డు పెడతారో లేదో అది కూడా అడుగు. పోయిన నెల పుట్టినరోజు కార్డులో నా పేరు చివరక్షరం తినేశావు, నువ్వు సైటు పెడతావా?"

మా భాషలో ఆ చివరి 'డ్' రాస్తారు గానీ నోట పలకదు, అందుకే రాయలేదని ఓడ్ని చెప్పింది. ఉచితంగా ఇచ్చేవాళ్ళ ఫోను నంబరు ఇమ్మంది. బోర్‌హిల్డ్ వెతికింది. వాళ్ళకి నంబరే లేదు.

మొదటి కంపెనీ కుర్రాడు ఎంత వేగమో, ఎంత చోటో గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. తను ఖాళీ చేసి వెళ్ళేటప్పుడు సామాను తీసుకెళ్ళనిస్తారా అని ఆమె అడిగింది. ఫొటోలు తీసుకెళ్ళొచ్చు గానీ, వాళ్ళ పనిముట్టుతో కట్టిన పేజీలు వాళ్ళ దగ్గర తప్ప ఇంకెక్కడా తెరుచుకోవన్నాడు. ఆమె ఆ నంబరు మీద గీత గీసి కొట్టేసింది. రెండో చోట సైటు పేరుని కంపెనీ తన పేరు మీదే నమోదు చేసుకుంటుందట, ఆమెకి శ్రమ లేకుండా. గది తలుపు మీద హోటలువాళ్ళ పేరెందుకని దాన్నీ కొట్టేసింది.

మూడో చోట ఒక ఆడమనిషి ఎత్తింది. సామానంతా ఒక్క మూటగా ఎప్పుడైనా తీసుకెళ్ళొచ్చంది. సైటు పేరు ఓడ్ని మీదే ఉంటుంది. రోజూ ఒక నకలు తీసి వేరే భవనంలో ఉంచుతారు, ఇది తగలబడినా అది ఉంటుంది. సాయంత్రం నాలుగు దాటాక ఫోను చేస్తే ఎత్తుతారా అంటే, ఎత్తరంది. ఆ "ఎత్తం" విన్నాక ఓడ్నికి మిగతా మాటల మీద నమ్మకం కుదిరింది.

కార్డు అయిపోయింది. అందులో రాయని ప్రశ్న ఒకటి మిగిలింది.

"గదిలో ఉన్న మనిషి పోతే సామాను ఎవరికిస్తారమ్మా?"

బోర్‌హిల్డ్ చేతిలోని వాఫుల్ పళ్ళెంలోకి దిగింది. ఇంతవరకు తననెవరూ ఇది అడగలేదంది అవతలావిడ. తర్వాత, రెండో మనిషి పేరు రాయించుకుంటామని, మీ తర్వాత తాళం వాళ్ళ చేతికిస్తామని, పేరు చెప్పమని అంది.

ఓడ్ని ఎదురుగా చూసింది.

"నా వంక చూస్తావేం?" అంది బోర్‌హిల్డ్. "అన్నయ్య నాకు ఒక్కటంటే ఒక్కటి చెప్పలేదు. పడవ వెనకాల ఈదుకుంటూ వెళ్ళినా చెప్పలేదు."

"ఆయన చెప్పలేదు. నేను చెప్తున్నా."

ఓడ్ని ఫోనులో ఆ పేరుని అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చెప్పింది. తొందరపడలేదు. చివరి అక్షరం దగ్గర ఆగి, ఇది పలకదు గానీ రాయాలి, మరిచిపోకమ్మా అంది.

ఫోను పెట్టేశాక బోర్‌హిల్డ్ చెయ్యి తుడుచుకుని బల్ల మీది గురుతుల నోటుపుస్తకం ఓడ్ని ముందుకి జరిపింది.

"మొదటిది చదువు వదినా. మెల్లగానే చదువు."

ఓడ్ని వేలు పెట్టి చదవసాగింది.

ఓడ్ని హెల్లెస్విక్, డెబ్బై ఒక్క ఏళ్ళు, సాన్నెస్‌షెన్, నార్వే.