తులసమ్మ చూడని సముద్రం

జితేంద్ర పోర్ట్ బ్లెయిర్‌లో టూరిస్టుల కారు నడుపుతాడు. కారు యజమానిది. బండిలో టూరిస్టులున్నప్పుడు డ్రైవర్లు తమవాళ్ళను ఎక్కించుకోకూడదని ఆయన గట్టిగా చెప్పాడు. అయినా ఆ రోజు ముందు సీట్లో జితేంద్ర అక్క తులసమ్మ కూర్చుని ఉంది.

తల్లి పోయాక అతన్ని పెంచింది ఆ అక్కే. పెళ్ళయి ఉత్తర అండమాన్‌లోని డిగ్లీపూర్ వెళ్ళి, పొలం పనుల్లో పడిపోయింది. పంటినొప్పికి చూపించుకుందామని బస్సులో వచ్చి, బతు బస్తీలో తమ్ముడింట్లో దిగింది. వచ్చి నాలుగు రోజులైంది. మర్నాడే తిరుగు ప్రయాణం.

"పై దేశపోళ్ళందర్నీ ఆ కొండెక్కిస్తావు గదరా. నన్నో పాలి తీసుకెళ్ళవేటి?" అని ఆమె అడిగితే కాదనలేకపోయాడు.

హోటల్ ముందు హైదరాబాద్ దంపతులు, వాళ్ళ చిన్న పాప ఎదురుచూస్తున్నారు. పొద్దుటంతా స్పీడ్ బోట్లెక్కి ఆడుకుని వచ్చారేమో, జుట్టు ఇంకా తడిగానే ఉంది. భర్త కారులోకి వంగి చూశాడు.

"ఈమె ఎవరు?"

మా అక్క సార్ అంటే సరిపోయేది. కానీ ఈయన యజమానికి ఫోన్ చేస్తే? ఆలోచన తెగకముందే నోరు కదిలింది.

"కొండ మీద గెస్ట్‌హౌస్ దగ్గర ఊడుస్తుంది సార్. బస్సు తప్పిపోయిందట. పైదాకా దింపేస్తాను."

అక్క వైపు తిరిగే ధైర్యం లేకపోయింది. ఆమె మాత్రం క్షణం కూడా తడబడలేదు.

"అవును బాబూ. ఈ డ్రైవర్ భయ్యా మంచోడు, ఎక్కించుకున్నాడు."

భయ్యా! నిన్న రాత్రి అన్నం కలిపి పెడుతూ "ఒరే జిత్తూ" అని పిలిచిన నోరే.

చాతం రేవు నుంచి ఫెర్రీలో కారుతో సహా అవతలి ఒడ్డుకు దాటారు. అక్కణ్ణుంచి మౌంట్ హ్యారియట్ కొండ మీదికి ఘాట్ రోడ్డు. వెదురు పొదలు, తీగలల్లుకున్న పెద్ద పెద్ద మానులు, మలుపు తిరిగినప్పుడల్లా ఆకుల సందుల్లో మెరిసే నీలం. ఈ దారిలో అక్కకు ఏమేం చూపించాలో రాత్రే అనుకున్నాడు. ఇప్పుడు ప్రతి మాటా వెనకవాళ్ళకే చెప్పాడు. ఆమె చెవులు రిక్కించి విన్నది. వాళ్ళను చూడమన్న వైపు తనూ దొంగచాటుగా చూసింది.

మలుపులకు కడుపులో తిప్పి పాప వాంతి చేసుకుంది. జితేంద్ర కారు ఆపాడు.

"ఏమనుకోకమ్మా, కాస్త తుడిచిపెడతావా? నీకు అలవాటేగా," అంది పాప తల్లి. ఆమె గొంతులో పొగరేమీ లేదు. తనకు చెప్పినదాన్ని నమ్మింది, అంతే.

"నేను తుడుస్తాను మేడమ్," అంటూ జితేంద్ర కంగారుగా దిగాడు.

"రహ్‌నే దో, భయ్యా," అని ఆపింది తులసమ్మ. సంచిలోంచి కొత్త తువ్వాలు తీసి, నీళ్ళతో తడిపి, సీటంతా శుభ్రంగా తుడిచింది. పాప మూతి కూడా తుడిచి, "అయిపోనాది తల్లీ" అంది. ఆ తువ్వాలు మొన్న జంగ్లీఘాట్ బజారులో అతనే కొనిచ్చాడు.

పైకి చేరాక దంపతులు పాపను తీసుకుని వ్యూ పాయింట్‌కు వెళ్ళారు. జితేంద్ర కూడా వెళ్ళి, నార్త్ బే లైట్‌హౌస్ చూపించి, ఫోటోలు తీసి, పరుగున వెనక్కి వచ్చాడు. కారు దగ్గర అక్క లేదు. గెస్ట్‌హౌస్ వెనక చీపురు చప్పుడు వినబడింది. గోడకు ఆనించి ఉన్న చీపురు తీసుకుని ఎండుటాకులు ఊడుస్తోంది.

"అక్కా! ఏంటిది? పద, చూద్దువుగాని."

"ఆళ్ళు చూస్తే ఏటనుకుంటారు? ఊడ్సేదాన్నని సెప్పినావు గదా." ఆమె ఊడవడం ఆపలేదు. "పో నువ్వు. నౌకరీ పోతాది."

ఆ గొంతులో కోపం వెతికాడు. దొరకలేదు. రెండు తిట్లు తిట్టినా బాగుండేదనిపించింది. వాళ్ళ దగ్గరకెళ్ళి నిజం చెప్పేయాలనుకున్నాడు. కాళ్ళు అటు కదిలాయి కూడా. అంతలో పాప తండ్రే నవ్వుతూ ఎదురొచ్చి, "సూపర్ ప్లేస్ బాస్! మీ ఓనర్‌కు నీ గురించి మంచిగా చెప్తా," అన్నాడు.

"థాంక్యూ సార్," అన్నాడు జితేంద్ర.

వాళ్ళు టీ తాగుతుంటే అక్కను చెయ్యి పట్టుకుని వ్యూ పాయింట్‌కు లాక్కెళ్ళాడు. అప్పటికే మబ్బు కమ్మేసింది. సముద్రం లేదు, దీవులు లేవు. రెయిలింగ్ అవతల అంతా తెలుపే. ఆమె ఆ తెలుపునే కాసేపు చూసి, "సల్లగుంది," అంది.

ఇక్కడే ఉండవలసిన మనిషి కిందికెందుకు వస్తోందని వాళ్ళు అడుగుతారేమోనని, తిరుగు దారిలో తులసమ్మ కారెక్కలేదు. దిగుతున్న ఓ జీపులో చోటు అడిగి ఎక్కింది. ఆమెను జీపెక్కించుకున్నది ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి.

సాయంత్రం అన్నాలు వడ్డిస్తూ జితేంద్ర భార్య ధరణి అడిగింది.

"కొండ ఎలా ఉంది వదినా?"

"అబ్బో! ఏటి సెప్పమంటావు ధరణీ! కాళ్ళ కిందే సముద్రం. దూరంగా లైట్‌హౌసు, బొమ్మల్లాగ ఓడలు, దీవులు. తమ్ముడు అన్నీ సూపించినాడు."

తులసమ్మ కళ్ళు మెరుస్తున్నాయి. కారులో అతను వెనకవాళ్ళకు చెప్పిన ముక్కలనే ఏరి ఆమె ఒక కొండను కట్టి నిలబెట్టింది. జితేంద్ర కలిపిన ముద్దను మళ్ళీ కంచంలో పెట్టేశాడు.

"నువ్వేంటి, తినట్లేదు?" అంది ధరణి.

"అక్క ఏమీ చూడలేదు ధరణీ," అన్నాడు జితేంద్ర. "కారులో ఈమె ఎవరని అడిగితే, కొండ మీద ఊడ్చే మనిషని చెప్పాను."

ధరణి చేతిలో గరిటె అలాగే ఆగింది. ఆమె ముందు భర్తను, తర్వాత వదినను చూసింది. తులసమ్మ తల వంచుకుంది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరగడం జితేంద్ర చూశాడు. పొద్దుటినుంచీ ఇదే మొదటిసారి.

"ఎందుకు సెప్పినావురా," అంది మెల్లగా. "కొండ బాగుందనే అనుకుందుము గదా."