పందిరి చుడుతున్నాను

మోటారు పందిరి పెట్టిస్తే నాలుగు రోజులు ముచ్చటగానే ఉంటుంది, ఆ తర్వాత ఏ తీగ తెగుతుందో ఎవరు చూడొచ్చారు, గాలి విసురుగా లేచిన వేళకి బటన్ నొక్కితే ఉలకదు పలకదు, అప్పుడు ఆ కొండల్లోకి ఎవరొస్తారు బాగుచెయ్యడానికి, అనుకుంటూ ఆమె ఉల్లిపాయ తరుగుతోంది, అనుకోవడం పైకే అయిపోయినట్టుంది, బల్ల దగ్గర కూర్చున్న అల్లుడు నవ్వేశాడు, అత్తయ్యా, వాషింగ్ మెషీన్ కొన్నప్పుడూ ఇదే దండకం చదివారట, ఇప్పుడు దాని మీద ఈగని కూడా వాలనివ్వరు, అన్నాడు, అమ్మ సంగతి నీకింకా తెలీదులే, తాడు తెగుతుందని లిఫ్టు ఎక్కకుండా మెట్లెక్కి పెళ్ళికొచ్చిన మనిషి, పెళ్ళికొడుకువి నువ్వే, అంది కూతురు, పొద్దున్నుంచీ ఇదే రగడ, బిగించేవాడు వచ్చి చేత్తో తిప్పేదానికి చారల గుడ్డ ముక్కొకటీ మోటారుదానికి బూడిదరంగు ముక్కొకటీ బల్లమీద పడేసి పోయిన దగ్గర్నుంచీ, పోతూ పోతూ వాడన్నదీ సబబుగానే ఉంది, రెండూ నీడే ఇస్తాయమ్మా, ఒకటి మీ చెయ్యి పీకేలా చేస్తుంది, ఒకటి మీ బ్యాటరీని తింటుంది, ఏ సంగతీ సాయంత్రంలోగా ఫోన్ చేసి చెప్పండి, అని, ఇంటి వెనక కప్పేసి ఉన్న పెద్ద బండి సంగతి అది, లోపల పడకలూ పొయ్యీ చిన్న స్నానాలగదీ ఉన్న బండి, ఆరేళ్ళుగా చక్రం కదలనిది, దాని పక్కగోడ మీద పైన చుట్టి ఉండే గుడ్డని లాగితే వసారాలా నీడ పరుస్తుంది, బిగించేవాడు దాన్ని ఆనింగ్ అంటాడు, ఈ ఇంట్లో మాత్రం పందిరి, పాత పందిరి గుడ్డ చివికిపోయింది, కొత్తది వేయించి ఈసారైనా అందరం కలిసి కొండలకి వెళ్దాం అని పిల్లల ముచ్చట, సరే వెళ్దాం, కానీ మోటారెందుకు, అసలు మోటారు అడిగింది పిల్లలు కూడా కాదు, కిటికీ పక్క కుర్చీలో ఒళ్ళో కాఫీ మర పెట్టుకుని గింజలు తిప్పుతున్న ఆ పెద్దమనిషి, తన మొగుడు, అదీ విడ్డూరం, మిక్సీలో వేస్తే వాసన చచ్చిపోతుందని ఇన్నేళ్ళుగా చేత్తోనే తిప్పుకునే మనిషి, గడియారానికి కీ ఇచ్చుకునే మనిషి, పందిరి దగ్గరికొచ్చేసరికి మోటారుదే అన్నాడు, ఎందుకండీ అంటే మళ్ళీ మోటారుదే అన్నాడు, అంతే, తల ఎత్తలేదు, కరెంటు పోతే ఏం చేస్తారు అంటే అల్లుడే అందుకుని, దాంతో పాటు ఒక కడ్డీ ఇస్తాడత్తయ్యా, కొక్కెం తగిలించి చేత్తో కూడా తిప్పొచ్చు, అన్నాడు, చేత్తో తిప్పడమే ఉంటే మధ్యలో ఆ మోటారెందుకు నాయనా, అందామె, కాఫీ మర ఒక్క క్షణం ఆగి మళ్ళీ తిరిగింది.

తనకి తీగల గొడవ కాదు, అది తనకీ తెలుసు, తనకి కావలసింది ఆ చప్పుడు, కిర్రుమని మొదలై లోపలెక్కడో పళ్ళు కలుసుకున్నట్టు టక్కుమనే ఆ చప్పుడు, చిన్నప్పుడు పొద్దున్నే నాన్న కొట్టు ముందు వినపడేది, వీధి మొహంగా ఒక్క గది, లోపల కుట్టుమిషను, గోడకి వేలాడే సగం చొక్కాలు, ముందు ఎండకి అడ్డంగా గుడ్డ పందిరి, పొద్దున దాన్ని దించడం నాన్న వంతు, సాయంత్రం చుట్టడం తన వంతు, బడి నుంచి వచ్చి అక్కడే ఓ మూల లెక్కలు చేసుకుని, హ్యాండిల్ అందుకోవడానికి పీట ఎక్కేది, తను తిప్పడం మొదలుపెట్టగానే నాన్న మిషను మీంచి కాలు తీసి, ఇంక కొట్టు కట్టేద్దామే అనేవాడు, మెడలో టేపు తీసి రెండు వేళ్ళకి చుట్టి చేతిసంచిలో వేసుకునేవాడు, రోజంతా, అన్నం తినేటప్పుడు కూడా మెడలోనే ఉండే టేపు, సరిగ్గా ఆ చప్పుడుకే దిగేది, నువ్వు తాళం వేసి రా, నేను ముందు పోయి బస్సు ఆపుతాను, అని చకచకా నడిచిపోయేవాడు, ఎన్నిసార్లు కండక్టరు చేత తిట్లు తిన్నాడో, మా అమ్మాయి వస్తోందయ్యా, అదిగో వచ్చేసింది, అని ఫుట్‌బోర్డు మీద ఒక కాలు వేసి నిలబడేవాడు, ఆ నాన్నే చివరికి మతి జారి, తనని చూసి ఎవరమ్మా నువ్వు, జాకెట్టు కొలతలకా, అని అడిగాడు, తను నవ్వి వంటగదిలోకి పోయి ఏడ్చింది, తన అల్లుణ్ణి, ఈయన్ని, మాత్రం పట్టుకుని వదిలేవాడు కాదు, బండి తీసుకుని ఎక్కడికి వెళ్ళినా నాన్నని వెంట తీసుకెళ్ళేవాళ్ళు, పందిరి కింద కుర్చీ వేస్తే మెడలో టేపుతో దర్జాగా కూర్చుని, చెయ్యి ఎత్తు బాబూ, అనేవాడు, ఈయన వెంటనే చెయ్యెత్తేవాడు, భుజం కొలిచేవాడు, మళ్ళీ మర్చిపోయేవాడు, మళ్ళీ చెయ్యి ఎత్తు బాబూ, మళ్ళీ ఎత్తేవాడు, అలా ఎన్ని చొక్కాలకి కొలతలిచ్చాడో పాపం, పాపం అని ఇప్పుడంటోంది గానీ, ఆ సాయంత్రం తర్వాత ఈయన మీద ఆ మాట తన నోటికి రాలేదు, అలా ఒకచోట బండి ఆపాక గిన్నెలు పట్టుకుని అవతలి చివరి కుళాయి దగ్గరికి వెళ్ళింది తను, మబ్బు పట్టి గాలి లేచింది, తిరిగి వచ్చేసరికి కుర్చీ ఖాళీ, మీరేం చేస్తున్నారండీ అప్పుడు, అని అరిచింది, పందిరి చుడుతున్నాను, అన్నాడు, టార్చిలైట్లూ పోలీసులూ వానా, తెల్లారాక దొరికాడు నాన్న, పెద్దరోడ్డు మీద బస్సులు ఎప్పుడో మానేసిన ఒక బస్టాపు బల్ల మీద, సంచి ఒళ్ళో పెట్టుకుని, అప్పటికే ఒళ్ళు చల్లబడిపోయింది, ఎవరో టేపు తీసి చుట్టి సంచిలో పెట్టారు కాబోలు, మెడ బోసిగా ఉంది, తర్వాత ఆ పదిరోజులూ వచ్చినవాళ్ళందరూ అడిగారు, మీరెక్కడున్నారు అని, ఈయన అందరికీ అదే ఒక్కమాట, పందిరి చుడుతున్నాను, అదొక జవాబా, పక్కన కూర్చున్న ముసలాయన లేచి వెళ్తుంటే చూడలేనంత పనా అది, తను ఎన్నడూ పైకి అనలేదు, అన్నం వడ్డించింది, జ్వరమొస్తే తడిగుడ్డ వేసింది, కానీ ఆ మాట చేప ముల్లులా గొంతులో అలాగే ఉండిపోయింది, మింగితే దిగదు, కక్కితే రాదు.

ఎక్కడికమ్మా, పొయ్యి మీద నూనె కాగుతోంది, అంటున్న కూతురికి, కట్టెయ్, పాతది తిరుగుతుందేమో చూసొస్తాను, తిరిగితే గుడ్డ ఒక్కటే మార్పించుకుందాం, అని చెప్పి చెయ్యి కొంగుకి తుడుచుకుంటూ మెట్ల కింద నుంచి హ్యాండిల్ తీసింది, తుప్పు పట్టినా బరువు అలాగే ఉంది, చేతికి వెంటనే తెలిసింది, దొడ్లో బండి మీది కప్పు లాగితే ఎండుటాకులూ దుమ్మూ నెత్తిన పడ్డాయి, తుమ్మింది, నవ్వొచ్చింది, ఇప్పుడు పీట అక్కర్లేదు, కొక్కెం కన్నంలో పెట్టి తిప్పింది, మొదట మొరాయించి తర్వాత కదిలింది, దిగేటప్పటి చప్పుడు తేలిక, పొద్దున కొట్టు తెరిచే చప్పుడు, గుడ్డ సగం దిగింది, బూజు వాసన, ఎలకలు కొట్టిన చిల్లుల్లోంచి ఎండ నాణేల్లా నేల మీద పడింది, చూశారా శుభ్రంగా తిరుగుతోంది అని కేకెయ్యబోయి ఆగి, ఇంక చుట్టేద్దామని అటు తిప్పేదాన్ని ఇటు తిప్పింది, బరువు మోస్తున్నట్టు మూలుగుతూ కిర్రు, కిర్రు, టక్కు, అదే, అచ్చం అదే, చేతులు లెక్కల పుస్తకం వాసన వేశాయి, వెనక మిషను ఆగినట్టయింది, ఇంక కొట్టు కట్టేద్దామే, అన్నట్టయింది, చెయ్యి ఆగలేదు, వెనక్కి తిరిగి చూస్తే ఉండడని తెలుసు, తిరక్కపోతే ఉంటాడేమోనని ఇంకాస్త తిప్పింది, కిర్రు, టక్కు, అప్పుడు వెనక నిజంగానే అడుగుల చప్పుడు, గుమ్మం దగ్గర ఏదో పడిన చప్పుడు.

తిరిగి చూస్తే ఆయన, చెప్పుల్లేకుండా, కాఫీ మర గుమ్మంలో బోర్లా పడి ఉంది, గింజలు మెట్ల మీద ఇంకా దొర్లుతున్నాయి, ఆయన తన వంక చూడటం లేదు, ముందు చక్రం పక్క నేల వంక చూస్తున్నాడు, కుర్చీ వేసే చోటు అది, ఇప్పుడక్కడ గడ్డి తప్ప ఏమీ లేదు, అక్కణ్ణుంచి గేటు వంక చూశాడు, మళ్ళీ గడ్డి వంక, ఆపు, అన్నాడు, ఆపవే, మావయ్య లేస్తారు, అని నోరు మూసుకున్నాడు, మొహం సున్నం కొట్టినట్టయింది, ఇద్దరి మధ్యా ఆ మాట అలా నిలబడిపోయింది, లేస్తారు, అంటే ఈ చప్పుడుకి లేచేవాడా నాన్న, ఈయనకి తెలుసా, తెలుసు, ఎందుకంటే ఆ రోజుల్లో నాన్నని లోపలికి తీసుకెళ్ళి పడుకోబెట్టే దాకా పందిరి మీద చెయ్యి వేసేవాడు కాదు, మంచు పడి గుడ్డ నానిపోతోంది, ఇంత బద్ధకమేమిటండీ మీకు, అని తనే తిట్టింది, ఆయన నవ్వి ఊరుకునేవాడు, మతి లేని తండ్రి తనని గుర్తుపట్టడు గానీ కొట్టు కట్టేసే చప్పుడు గుర్తుపడతాడని తనకి చెప్పడానికి మనసొప్పలేదేమో, ఆ ఒక్క సాయంత్రం గాలి ఆగనివ్వలేదు, గుడ్డ చిరిగి ముసలాయన మీద పడుతుందని తిప్పాడు, తిప్పేవాడు బండి గోడకేసి నిలబడి పైకి చూడాలి, వీపు లోకానికి, చెవుల నిండా కిర్రు, నాన్న లేచాడు, మెడలో టేపు తీశాడు, ఎవరూ తియ్యలేదు, నాన్నే తీశాడు, రెండు వేళ్ళకి చుట్టి సంచిలో వేసుకున్నాడు, తప్పిపోలేదు నాన్న, ఎక్కడికి వెళ్తున్నాడో నాన్నకి తెలుసు, పందిరి చుడుతోంది తన కూతురు, తాళం వేసి వస్తుంది, తను ముందు పోయి బస్సు ఆపాలి, అందుకే ఆ బల్ల మీద, వానలో, రాని బస్సు కోసం కాదు, వస్తున్న పిల్ల కోసం, ఎవరమ్మా నువ్వు అని అడిగిన ఆ మనిషే, పందిరి చుడుతున్నాను అని అడిగిన ప్రతివాడికీ ఈయన చెబితే తను దాన్ని తప్పించుకోవడం అనుకుంది, ఆరేళ్ళుగా, అది ఒప్పుకోవడం, దోసిలి పట్టి నిలబడి చెప్పిన మాట, తను ఒక్కసారి సరిగ్గా విని ఉంటే చాలేది, హ్యాండిల్ ఊడదీసి నేల మీద పెట్టింది, చప్పుడు కాకుండా, నిద్రపోతున్న వాళ్ళ పక్కన పెట్టినట్టు, మెట్ల మీద కూర్చుని గింజలు ఏరుతుంటే ఆయన కూడా వచ్చి కూర్చున్నాడు, నాలుగు ఏరి ఆమె దోసిట్లో పోశాడు, ఆమె ఆ చేతిని పట్టుకుంది, చెయ్యి ఎత్తండి బాబూ, అంది, ఆయన నవ్వబోయాడు, నవ్వు మధ్యలో విరిగింది.

లోపలికి వచ్చేసరికి కూతురు ఫోన్ పట్టుకుని సిద్ధంగా ఉంది, ఏమైందమ్మా, తిరిగిందా, తిరిగిందే, బాగానే తిరిగింది, అయితే చేత్తో తిప్పేదేగా, మావయ్యా మీరు ఓడిపోయారు, అన్నాడు అల్లుడు, ఆమె గింజలు సీసాలో పోసి మూత బిగించింది, మోటారుదే చెప్పు, అంది, అత్తయ్యా ఎండ దెబ్బ గానీ తగిలిందా, అన్నాడు అల్లుడు, ఆయన గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు, కరెంటు లేనప్పుడు తిప్పడానికి కడ్డీ ఒకటి ఇస్తాడన్నావు కదా బాబూ, అందామె, అది బండిలో పెట్టొద్దను, మీ మావయ్య చేతికీ ఇవ్వొద్దను, నాకివ్వమను, నా దగ్గరే ఉంటుంది, ఎందుకమ్మా అంది కూతురు, పొయ్యి మళ్ళీ వెలిగించి, తరిగిన ఉల్లిపాయ నూనెలో వేసి, ఆ చిటపటల మీదుగా అందరికీ వినపడేలా, మెల్లగానే చెప్పింది, సాయంత్రం చుట్టడం మొదట్నుంచీ నా వంతే.