నూనె డబ్బాకు రెండో బెజ్జం

మా ఆయన నా మాట వినడు. ఈ సంగతి ఉదయగిరిలో ఎవరినడిగినా చెబుతారు. ఎందుకంటే అందరికీ చెప్పింది నేనే.

ఆయన పేరు పెంచలప్రసాద్. ముప్పై రెండేళ్లు ఆర్టీసీ డిపోలో మెకానిక్కు. రిటైరయ్యాక ఇంటిపట్టున ఉంటాడనుకుంటే, వేలంపాటలో ఒక పాత వ్యాను పాడుకొచ్చాడు. ఒకప్పుడు అది ఊరూరూ తిరిగే ఆసుపత్రి బండి. మందుల అరలు పీకేసి మంచం బిగించాడు, గ్యాసు పొయ్యి పెట్టాడు, టాపు మీదికి నీళ్ల ట్యాంకు ఎక్కించాడు. కిటికీ తెరలకని నా చీరలు రెండు కత్తిరించాడు, నన్ను అడక్కుండానే. వీధిలో పిల్లకాయలు దానికి బండిల్లు అని పేరు పెట్టారు. మొదటి ఏడాది బాగానే తిరిగాం. కావలి దాకా పోయి సముద్రం ఒడ్డున రెండు రోజులున్నాం కూడా.

ఆరు నెలల నుంచి మాత్రం అది బండీ కాదు, ఇల్లూ కాదు. పాతిక కిలోమీటర్లు బ్రహ్మాండంగా పోతుంది. ఆ తరవాత లాగుడు తగ్గుతుంది, దగ్గుతుంది, నడిరోడ్డు మీద నిలబడిపోతుంది. ఈయన దిగి ట్యాంకు మూత తీసి పుల్ల పెట్టి డీజిల్ చూస్తాడు. ఆ తరవాత బానెట్టు ఎత్తి ఏదో ఒకటి విప్పి, తుడిచి, బిగిస్తాడు. స్టార్టవుతుంది. దొరికింది జబ్బు అంటాడు. మళ్లీ పాతిక కిలోమీటర్లకు అదే జబ్బు. ఫిల్టర్లు మార్చాడు. ట్యాంకు దించి కడిగాడు. డీజిల్ గొట్టాలు కొత్తవి వేశాడు. పంపు ఊడదీసి నెల్లూరు మోసుకుపోతే, వాళ్లు దీనికేం రోగం లేదు పొమ్మన్నారు. ఇక మార్చాల్సింది పెళ్లాన్నే అని నేనే అన్నాను. అదీ వినలేదు.

డిపోలో ఈయనకున్న పేరు అంతా ఇంతా కాదు. బస్సు గేటులోకి వస్తుంటే అటు చూడకుండానే, టీ తాగుతూనే, మూడో నాజిల్ పోయిందని చెప్పేవాడట. విప్పితే మూడోదే పోయుండేదట. పొడుగాటి స్క్రూడ్రైవరును ఇంజనుకు ఆనించి, పిడిని చెవి దగ్గర పెట్టుకుంటే చాలు, చప్పుడును బట్టి లోపలి జబ్బు పట్టేసేవాడు. ఇప్పుడేమో ఆ పిడిని పళ్ల మధ్య కరిచి పట్టుకుంటున్నాడు. గ్రీజు పూసిన పిడి నోట్లో ఏందయ్యా అంటే పలకడు. అన్నం తినే నోరది.

నా మాట వినకపోవడం కూడా ఈ మధ్య బాగా ముదిరింది. గోంగూర తెమ్మంటే గోరుచిక్కుడు తెచ్చాడు. జేబులో ఫోను మోగుతున్నా తీయడు. వెనక నుంచి పిలిస్తే తిరిగి చూడడు. నాకూ ఒళ్లు మండింది. ఈయనతో మాట్లాడాల్సి వస్తే మొహం పక్కకు తిప్పుకుని మాట్లాడడం మొదలుపెట్టాను. వింటే విన్నాడు, లేకపోతే లేదు.

పోయిన వారం పాత బండ్లు కొనే సురేంద్రబాబు ఆత్మకూరు నుంచి వచ్చి, దీన్ని తుక్కు కింద తీసుకుంటానన్నాడు. మా ఆయన చాలాసేపు టైరును తడుముతూ కూర్చున్నాడు. సోమశిలకు ఒక్కసారి పోయొస్తానని, ఈసారి దారిలో ఆగిందంటే తాళాలు నీవేనని చివరికి మాటిచ్చాడు. సురేంద్రబాబు వెళ్లాక నాతో అన్నాడు.

"బండిది కాదు సుకుమారీ తప్పు. నా చెయ్యి పొయింది."

పీడ విరగడవుతుందని నేను సంబరపడాలి. సంబరం రాలేదు. చేతిలో పానా లేని పెంచలప్రసాద్ ఇంట్లో ఏ మూల కూర్చుంటాడో, రోజంతా ఏం చూస్తూ కూర్చుంటాడో నా ఊహకు అందలేదు. భయమేసింది.

సోమశిలలో మా అక్క రాహేలమ్మ కొత్తింటి ప్రార్థన. వంట నాది. హాస్టల్లో ఇరవై రెండేళ్లు వంద మందికి వండినదాన్ని, ఇంకెవరినో పిలిస్తే నేనే ఊరుకోను. బియ్యం మూట, పదిహేను కేజీల నూనె డబ్బా బండిలో వేసుకుని ముందురోజు పొద్దున్నే బయల్దేరాం. దుత్తలూరు దాటాం. వింజమూరు ఇంకా రానేలేదు, బండి దగ్గింది. పాతిక కిలోమీటర్లు ఎవరో లెక్కపెట్టినట్టు ఆగిపోయింది.

ఎప్పుడు ఆగినా నేను పోయి ఏ చెట్టు కిందో కూర్చుని తిట్టుకుంటాను. అక్కడ నీడ లేదు. అటూ ఇటూ మనిషెత్తు ముళ్ల చిల్లచెట్లే. గత్యంతరం లేక బండి నీడలో ఆయన వెనకే నిలబడ్డాను. ఆయన ట్యాంకు తాళం తీస్తున్నాడు. ఆ మూతకొక కథ ఉంది. జలదంకిలో ఎవరో డీజిల్ దొంగిలించారని, పాత మూత తీసి పారేసి, లేతు మిషను దగ్గర కూర్చుని తాళం మూత చేయించాడు. అడుగున సైకిలు ట్యూబు రబ్బరు కూడా వేశాడు. దొంగోడి గొట్టం లోపలికి పోదు, డీజిల్ చుక్క బయటికి రాదని వీధంతా తిప్పి చూపించాడు.

మూత పట్టి లాగాడు. బుస్సుమంది. పామనుకుని నేను రోడ్డు మధ్యకు ఎగిరాను. ఆయన రెప్ప కూడా వేయలేదు. తాపీగా పుల్ల పెట్టి చూస్తున్నాడు. ఏందది అని అడిగాను.

"సగం ఉండాది" అన్నాడు.

నేనడిగిందేమిటి, ఈయన చెప్పేదేమిటి. పళ్లు కొరుక్కుంటూ బండెక్కాను. ఈసారి ఆయన బానెట్టు ఎత్తలేదు. తాళాలు చేతిలో పట్టుకుని మెట్టు మీద కూలబడ్డాడు. ఇంక విప్పనని, ఇంత తిన్నాక సురేంద్రబాబుకు నన్నే ఫోను చేయమని చెప్పాడు. గొంతులో కోపం కూడా లేదు. కోపం ఉంటే నాకు బాగుండేది.

ఉప్మా చేద్దామని పొయ్యి వెలిగించాను. సీసాలో నూనె లేదు. సరే, కొత్త డబ్బాకే ఒక మూల మేకు పెట్టి సుత్తితో కొట్టాను. డబ్బా వంచితే గుటుక్కుమని ఇంత కారి, ఆగిపోయింది. అలవాటుగా అవతలి మూల మేకు పెట్టి సుత్తి ఎత్తాను. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది.

హాస్టల్లో కొత్తగా చేరిన ప్రతి ఆయాకూ నేను మొదట నేర్పింది ఇదే. డబ్బాకు ఒక బెజ్జం నూనెకు, ఇంకొకటి గాలికి. గాలి లోపలికి పోతేనే నూనె బయటికి వస్తుంది. రబ్బరు వేసి బిగించిన ఆ మూతకు గాలి పోయే దారేది? పాతిక కిలోమీటర్లకు ట్యాంకు ఊపిరాడక చస్తోంది. ఈయన డీజిల్ చూద్దామని మూత తీసినప్పుడల్లా ఇంత గాలి పీల్చుకుని మళ్లీ బతుకుతోంది. ఫిల్టరూ కాదు, పంపూ కాదు, గొట్టాలూ కాదు. ఈ రోగం పట్టిందీ ఆ మూత వేసినప్పటి నుంచే.

ముప్పై రెండేళ్ల మెకానిక్కువి, వంటమనిషి చెబితేగానీ తెలియలేదా అని అరుద్దామని నోరు తెరిచాను. ఆరు నెలల కసి నాలుక చివరికొచ్చింది. అప్పుడు ఇంకొకటి తట్టింది. నేను రోడ్డు మధ్యకు ఎగిరేంత గట్టిగా బుస్సుమంటే, పక్కనే ఉన్న మనిషి ఉలిక్కిపడలేదెందుకు? గోంగూరకు గోరుచిక్కుడు. జేబులో మోగే ఫోను. ఇంజను అదురు పళ్లకైనా తెలుస్తుందని పళ్ల మధ్య స్క్రూడ్రైవరు. బియ్యం మూట మీద కూర్చుండిపోయాను. వినడు, వినడు అని ఊరంతా టముకు వేశాను. వినపడదేమో అని ఒక్కరోజు కూడా అనుకోలేదు.

సుత్తి పక్కన పెట్టాను. పొయ్యి ఆర్పి, డబ్బా తీసుకెళ్లి ఆయన ముందు దించాను. మొహం ఎదురుగా పెట్టి, ఇది గిన్నెలోకి వంచు, నా చేతుల్లో బలం లేదు అన్నాను. ఆయన వంచాడు. నూనె రాలేదు. గట్టిగా కుదిపాడు. ఆయనకూ చిర్రెత్తింది.

"రెండో బెజ్జం ఏదే? ఇరవై రెండేళ్లు వండినావు, గాలి పోకపోతే నూనె ఎట్టా..."

ఆగిపోయాడు. డబ్బాను చూశాడు, ట్యాంకు మూతను చూశాడు. నా జీవితంలో మొదటిసారి నేను నోరు మూసుకుని నిలబడ్డాను. నా చేతిలో మేకు లాక్కున్నాడు, బండిలోంచి సుత్తి తెచ్చాడు. మూతను రాయి మీద పెట్టి నాలుగు దెబ్బలు వేశాడు. రేకు చీలి, రబ్బరు కూడా తూటు పడింది. మూత బిగించి తాళం తిప్పితే ఇంజను అందుకుంది. అరగంట సేపు అట్లాగే ఆన్‌లో పెట్టి, రోడ్డు మీద ముందుకీ వెనక్కీ నడుస్తూ నవ్వుకున్నాడు. డిపోలో ఉద్యోగం చేసేటప్పటి నడక అది.

ఆ తరవాత నవ్వు మెల్లగా ఆగిపోయింది. ఎంతైనా మెకానిక్కు గదా.

"ఊపిరాడని ట్యాంకు మూత తీస్తే బుస్సుమనాల" అన్నాడు. "అనిందా?"

లేదని చెప్పేయొచ్చు. కానీ ఆయన నా పెదాల వైపు చూస్తున్నాడు. కళ్ల వైపు కాదు. ఇన్నాళ్లూ నా మాటలు అక్కడే చదువుకుంటున్నాడు. నేను మొహం తిప్పుకున్నానంటే ఆ రోజంతా ఆయనకు నేను మూగదాన్నే.

"అనింది" అన్నాను. "పామనుకున్నా."

ఆయన చేతులు పాతగుడ్డకు తుడుచుకున్నాడు. ఎంతసేపు తుడిచాడో.

"రెండేళ్లాయ. ఇంజను వినపడనోడిని మెకానిక్కని ఎవురంటారు? అందుకే నీకూ చెప్పల్యా."

"చెవుల్తో పని లేకుండానే కనుక్కున్నావు గదయ్యా" అన్నాను. డబ్బాకు ఒక్క బెజ్జమే ఎందుకు పెట్టానో మాత్రం చెప్పలేదు. చచ్చినా చెప్పను.

వింజమూరు దాటాం. ఆత్మకూరు వచ్చింది, బండి దగ్గలేదు. బస్టాండు దగ్గరికొచ్చేసరికి ఆయన జేబులో ఫోను మోగింది. ఆయన స్టీరింగు పట్టుకుని హాయిగా పోతున్నాడు. నేనే చెయ్యి పెట్టి తీశాను. సురేంద్రబాబు. ఎక్కడ ఆగింది, మనిషిని పంపమంటావా అని అడిగాడు. ఆగలేదు, అమ్మడం లేదు అని పెట్టేశాను. చేతిలో ఫోను చూసి ఆయన ఎవరని అడిగాడు.

మొహం పూర్తిగా ఆయన వైపు తిప్పి, ఒక్కొక్క మాటా విడమరిచి చెప్పాను.

"సురేంద్రబాబు. మా ఆయన చెయ్యి బాగానే ఉండాదని చెప్పినా."

ఆయన నా పెదాల మీంచి చూపు తీయలేదు. ఎదురుగా లారీ వస్తోంది. ముందు రోడ్డు చూడవయ్యా అని కసిరాను. ఆ మాట ఏమిటో తెలుసుకోవడానికి ఆయన ఇంకోసారి నా వైపే చూశాడు.