దొడ్డమ్మ ఉతికిన గుడ్డ

చైత్రను పెంచింది వాళ్ళమ్మ అక్క. ఇంట్లో అందరికీ ఆవిడ దొడ్డమ్మే. దొడ్డబళ్ళాపురంలో ముప్పై ఏళ్ళుగా పట్టునూలును చాకలిసోడా కలిపిన నీళ్ళలో ఉడికించి, దాని మీది జిగురు వదిలించడం ఆవిడ పని. ఆ సోడా ఆవిడ చేతుల్ని తినేసింది. ఆ చేతుల కోసమే చైత్ర బెంగళూరు ల్యాబులో నాలుగేళ్ళుగా తంటాలు పడుతోంది. ఆ జిగురును గోరువెచ్చని నీళ్ళలోనే కరిగించే ఎంజైమ్ ఎప్పట్నుంచో ఉంది. కానీ ఒక్కసారి వాడితే నీళ్ళతో పాటే పోతుంది, ఖరీదు చూస్తే కళ్ళు తిరుగుతాయి. అందుకని చైత్ర కంటికి కనబడనంత సన్నని కార్బన్ గొట్టాలను గుడ్డకు పట్టించి, వాటికి ఎంజైమ్‌ను కదలకుండా అంటించింది. ఆ గొట్టాలతో గుడ్డ మసిపట్టినట్టు నల్లబడింది. ఒకే గుడ్డ పదిసార్లు పనిచేస్తేనే ఊరికి పంపిద్దామని గైడు మోహన్‌కుమార్ గారు తేల్చి చెప్పారు. తొమ్మిదిసార్లు గట్టెక్కింది.

పదోసారికి దొడ్డమ్మే జిగురు వదలని నూలుకట్ట, ఓ చిలప, పట్టుకుని బస్సెక్కి వచ్చింది. చైత్ర గైడును పిలుచుకొచ్చేసరికి ఆవిడ కొంగు దోపుకుని, నల్లగుడ్డను కుళాయి కింద పెట్టి కసకసా రుద్దుతోంది.

"దొడ్డమ్మా! ఏం చేస్తుండావు?"

"ఎంత మసి పట్టుండాదో చూడు పాపా. రోంత సోడా ఉంటే తెల్లగయ్యేది."

"అది నా నాలుగేళ్ళ పని! నిన్నెవరు ముట్టుకోమన్నారు?"

అరిచాక చైత్రకు సిగ్గేసింది. ఏడుపు మాత్రం ఆగలేదు. దొడ్డమ్మ బిక్కచచ్చిపోయి గోడవారగా నిలబడింది.

"అయిందేదో అయింది. వేసి చూద్దాం" అన్నారు మోహన్‌కుమార్ గారు తాపీగా.

గోరువెచ్చని నీళ్ళలో గుడ్డనూ నూలునూ కలిపి వేశారు. గంటసేపు నాననిచ్చారు. తీసి ఆరబెట్టిన చిలపను దొడ్డమ్మ అందుకుని, చెంపకు ఆనించుకుని కళ్ళు మూసుకుంది.

"మెత్తగుండాది పాపా. జిగురంతా పోయింది."

"వేళ్ళతో చూడకుండా ఎట్ల చెప్తావు?"

"వేళ్ళకి యాడ తెలుస్తాది? మొద్దుబారి ఐదేండ్లాయ."

ఈ సంగతి చైత్రకు తెలియదు. ఆ చేతుల కోసమే చదువుతున్నానని అందరికీ చెప్పుకుంది గానీ, వాటిని పట్టుకుని చూసి ఎన్నాళ్ళయిందో గుర్తులేదు. ఇప్పుడు రెంటినీ తన చేతుల్లోకి తీసుకుంది.

"ఇంక నువ్వు సోడా ముట్టొద్దు."

"ముట్టను. మా ఆడోళ్ళు పదిమందికీ ఇట్లాంటి గుడ్డలు చేసియ్యి. కానీ పాపా, నల్లగుడ్డ కంట్లో పడితే ఉతక్కుండా ఉండేవాళ్ళు మాలో ఎవురూ లేరు. వాటికీ ఆ మందు ఇంతే గట్టిగా అంటించల్ల."